గుంటూరు షోకేసుల్లోంచి బయటికొచ్చిన అమెరికా బొమ్మలు

ఈ పాత సామాన్ల కొట్టు పేరు రాయను. రాయొద్దని కొట్టాయనే అడిగాడు. అంతకుముందు ఎవరో ఫోటోలు తీసి ఎక్కడో పెడితే, హైదరాబాదు నుంచి ఇద్దరు కారేసుకొచ్చి మంచివన్నీ ఒక్క పూటలో ఏరుకుపోయారట. "మనూరోళ్ళు నిదానంగా కొనుక్కుంటారు మాస్టారూ, ఆళ్ళు ఊడ్చుకుపోతారు" అన్నాడు. లాలాపేట వైపు వెళ్తుంటే ఒక సందులో పాత తలుపులూ కిటికీలూ గోడకి ఆనించి ఉంటాయి. ఆ తలుపుల వెనక ఉన్నదే కొట్టు. గుంటూరు వాళ్ళకి ఈ మాత్రం ఆనవాలు చాలు.

నాకు 51 ఏళ్ళు. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఆరేళ్ళుగా పాత బొమ్మలు పోగేస్తున్నాను, అందులోనూ అమెరికావి. మా ఆవిడ దీన్ని జబ్బు అంటుంది. జీతం పడ్డ వారంలో జబ్బు ముదురుతుందని కూడా అంటుంది. ఈ కొట్టుకి నాలుగుసార్లు వెళ్ళాను. అయిదు రకాల వస్తువులు కొన్నాను, ఒకదాంట్లో డబ్బులు పోగొట్టుకున్నాను. కాబట్టి మంచీ చెడూ రెండూ చెప్పగలను.

అమెరికా బొమ్మలకీ గుంటూరు పాత సామాన్ల కొట్టుకీ ఏంటి సంబంధం అని ఎవరైనా అడిగితే, వాళ్ళు ఈ ఊరివాళ్ళు కాదన్నమాట. ఇక్కడ మెడికల్ కాలేజీ 1946లో మొదలైంది. 1965లో అమెరికా తన వలస చట్టం మార్చాక డాక్టర్లకి అటు దారి పడింది. ఇంటికొకరు కాకపోయినా వీధికొకరు వెళ్ళారు. వెళ్ళినవాళ్ళు మూడు నాలుగేళ్ళకోసారి వచ్చేవాళ్ళు. సూట్‌కేసు తెరిస్తే సెంటు సీసాలు, సబ్బులు, నైలాన్ చీరలు, అన్నగారికి గడియారం, పిల్లలకి ఒక బొమ్మ. పేరుకే పిల్లలకి. వచ్చినవాళ్ళందరికీ చూపించాక దాన్ని మళ్ళీ దాని అట్టపెట్టెలోనే పెట్టి, ఆ పెట్టెని హాల్లో షోకేసులో పెట్టి, తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకునేవాళ్ళు.

అమెరికా పిల్లలు ఆ బొమ్మలతో ఆడారు, విరగ్గొట్టారు, పారేశారు. అందుకే పెట్టెతో సహా చెక్కు చెదరని పాత బొమ్మంటే అక్కడ పోగేసేవాళ్ళు ఎంతైనా పెడతారు. మన పెద్దమ్మలూ పిన్నమ్మలూ ఆ సంగతి తెలియకుండానే నలభై ఏళ్ళు కాపలా కాశారు. ఇప్పుడు బ్రాడీపేటలో, అరండల్‌పేటలో ఆ పాత మేడలన్నీ అపార్ట్‌మెంట్లకి ఇచ్చేస్తున్నారు. టేకు తలుపులతో పాటు షోకేసు, షోకేసుతో పాటు అందులోవి, అన్నీ కలిపి ఈ కొట్టుకి చేరుతున్నాయి. ఆయన అసలు వ్యాపారం టేకు తలుపులు. బొమ్మలు దానికి కొసరు.

ఆయన్ని అందరూ భాయ్ అనే పిలుస్తారు, నేనూ అంతే. అరవై దాటాయి. టేకు చెక్క మీద గోరుతో గీసి, వాసన చూసి అది బర్మా టేకో కాదో చెప్పగలడు. బొమ్మల గురించి మాత్రం ఏమీ తెలియదు. తెలియదని ఒప్పుకుంటాడు కూడా. ధర ఎలా చెబుతాడంటే, వచ్చిన గిరాకీ మొహం చూసి చెబుతాడు. గిరాకీ నోరు జారి ఏదైనా చెబితే అది గుర్తుపెట్టుకుంటాడు. ఈ రెండో అలవాటే నా కొంప ముంచింది.

మొదటిసారి వెళ్ళినప్పుడు కంటబడింది వ్యూ మాస్టర్, అంటే రీలు పెట్టి, కళ్ళకి ఆనించుకుని, మీట నొక్కుతూ ఫోటోలు చూసే పరికరం. ఒక స్టీలు డబ్బాలో పాత తాళాలు, గుండీలు, పనిచేయని చేతి గడియారాలు, వాటి మధ్యలో అది. "బైనాక్యులర్ మాస్టారూ. అద్దాలు బానే ఉన్నాయ్ గానీ దూరం కనపడట్లా. అయిదొందలివ్వండి" అన్నాడు. పక్కనే ప్లాస్టిక్ సంచీలో తొమ్మిది రీళ్ళున్నాయి. అవి దీనివేనని ఆయనకి తెలియదు.

ఇక్కడ చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పాలి. బ్రాడీపేటలో ఒక డాక్టరుగారింట్లో వెనక వాటాలో మేం అద్దెకుండేవాళ్ళం. ముందు హాల్లో షోకేసు. పై అరలో కొండపల్లి దశావతారాలు, అంబారీ ఏనుగు. మధ్య అరలో వ్యూ మాస్టర్, దాని పక్కన సెంటు అయిపోయిన సీసాలు. డాక్టరుగారి భార్యని మేం పెద్దమ్మగారనేవాళ్ళం. సంక్రాంతికి ఒక్కరోజు ఆవిడ తాళం తీసి, పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి ఒక్కొక్కళ్ళకీ ఇచ్చేది. మనిషికి ఏడు నొక్కులు. టక్, టక్ అని ఆవిడే లెక్కపెట్టేది. ఎనిమిదోది నొక్కనిచ్చేది కాదు. ఎనిమిదోసారి నొక్కితే ఇంకేదో గొప్పది కనపడుతుందని రెండేళ్ళు నమ్మాను. రీలుకి ఏడు బొమ్మలే ఉంటాయనీ, ఎనిమిదో నొక్కుకి మళ్ళీ మొదటిదే తిరిగొస్తుందనీ తర్వాతెప్పుడో తెలిసింది.

అందుకని కొట్లో దాన్ని చూడగానే నేను చేయాల్సింది నోరు మూసుకుని అయిదొందలు ఇచ్చి రావడం. నేనేం చేశాను? మాస్టారుని కదా, పాఠం చెప్పాను. సంచీలోంచి ఒక రీలు తీసి, పైన సందులో దించి, ట్యూబ్‌లైటు వైపు తిప్పి భాయ్ కళ్ళకి పెట్టాను. "ఒక కన్ను మూసి చూడండి, ఇప్పుడు రెండూ తెరిచి చూడండి" అన్నాను. ఒక కన్నుతో చూస్తే మామూలు ఫోటో. రెండు కళ్ళతో చూస్తే కొండ వెనక్కి వెళ్ళి, ముందున్న చెట్టు ముందుకొస్తుంది. రీలు మీద 14 చిన్న ఫిల్ము ముక్కలుంటాయి. ఎదురెదురుగా ఉన్న రెండేసి ఒక జత. ఒకటి ఎడమ కంటికి, ఒకటి కుడి కంటికి, రెండు కళ్ళకీ మధ్య ఉండేంత ఎడంతో తీసినవి. రెండింటినీ కలిపి లోతు చేసేది మన మెదడే. భాయ్ ఏడూ నొక్కాడు. ఎనిమిదోది కూడా నొక్కాడు. తొమ్మిదోది కూడా. తర్వాత కళ్ళ దగ్గర్నుంచి తీసి, "అయితే ఇది బైనాక్యులర్ కాదన్నమాట. పధ్నాలుగొందలు" అన్నాడు.

ఇచ్చాను. ఆ తొమ్మిది వందల ఫీజు సంగతి మా ఆవిడ ఇప్పటికీ నెలకోసారి గుర్తుచేస్తుంది.

అయినా ఆ డబ్బుకి సరుకు న్యాయమైందే. ఇది జీ మోడల్, గోధుమ రంగు ప్లాస్టిక్. పాతవి బేకలైటువి, చేతికి బరువుగా ఉండేవి. 1950ల చివర చార్లెస్ హారిసన్ అనే నల్లజాతి డిజైనరు దీన్ని తేలికైన ప్లాస్టిక్‌లో, పిల్లల చేతికి సరిపోయేలా మార్చాడు. అసలు ఇది మొదట పిల్లల బొమ్మ కానే కాదు. విలియం గ్రూబర్ అనే ఆయన ఆలోచన, పోర్ట్‌లాండ్‌లో ఫోటో పోస్టుకార్డులు అమ్మే సాయర్స్ కంపెనీ పెట్టుబడి. 1939లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో పెట్టారు. కొండలూ లోయలూ చూడ్డానికి వెళ్ళలేని పెద్దవాళ్ళకి అమ్మారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం లక్ష దాకా కొని, విమానాలు గుర్తుపట్టడం సైనికులకి దీంట్లోనే నేర్పించింది. తర్వాత డేవిడ్ బాసెట్ అనే అనాటమీ ప్రొఫెసరు గ్రూబర్‌తో కలిసి మనిషి శరీరాన్ని పొరలు పొరలుగా కోసి, 1,500కి పైగా జతల ఫోటోలతో వ్యూ మాస్టర్ రీళ్ళ మీద ఒక అట్లాసే తయారుచేశాడు. గుంటూరులో డాక్టర్ల ఇళ్ళు కూలుస్తున్నారు కదా, ఆ అట్లాసు రీలు ఒక్కటైనా దొరక్కపోతుందా అని నా ఆశ. భాయ్‌కి ఈ ముక్క మాత్రం చెప్పలేదు.

కొనేవాళ్ళకి రెండు మాటలు. మీట నొక్కి వదిలితే ఠక్కున వెనక్కి రావాలి. నీరసంగా వస్తే లోపల స్ప్రింగు అయిపోయినట్టు. కటకాల్ని దీపానికి ఎదురుగా పెట్టి చూడండి. సాలీడు గూడు లాంటి గీతలు కనపడితే అది బూజు, తుడిస్తే పోదు. రీళ్ళు కూడా ఒక్కొక్కటీ వెలుతురుకి పెట్టి చూడాలి. పాత సాయర్స్ కాలపు రీళ్ళు కోడాక్రోమ్ ఫిల్ము మీదవి, ఇన్నేళ్ళయినా ఆకాశం నీలంగా, గడ్డి పచ్చగా ఉంటుంది. 1966లో కంపెనీ చేతులు మారింది. ఆ తర్వాతి కాలపువి చాలా వరకు ఎర్రబారిపోయాయి. నా తొమ్మిదింట్లో మూడు కుంకుమ నీళ్ళలో ముంచి తీసినట్టున్నాయి. మిగతా ఆరూ నిన్న తీసినట్టున్నాయి.

ఆ రోజే బొమ్మ కారు ఒకటి కొన్నాను. నష్టం అక్కడే.

హాట్ వీల్స్ కారు, ట్విన్ మిల్ మోడలు, ముందు రెండు ఇంజన్లుంటాయి. భాయ్ దాన్ని గుడ్డలో చుట్టి విడిగా దాచాడు. "ఇది 1969ది మాస్టారూ. అడుగున అచ్చేసి ఉంది. పాతిక వందలు" అన్నాడు. తిప్పి చూశాను. 1969 అని కనపడింది. అంతకు ముందొచ్చిన గిరాకీ ఎవరో అడుగున అంకె చూసి సంవత్సరం తెలుసుకోవచ్చని ఆయనకి నేర్పాడట. నేను బేరమాడి తొమ్మిది వందలకి తెచ్చుకున్నాను, పైగా గెలిచాననుకున్నాను. చదువుకునే కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి వెళ్ళడం నా తప్పు. రాత్రి ఇంటికొచ్చి కళ్ళజోడు పెట్టుకుని చూస్తే 1969 పక్కనే ఇంకో మాట ఉంది. మలేసియా.

హాట్ వీల్స్ 1968లో 16 మోడళ్ళతో మొదలయ్యాయి. అప్పటివి అమెరికాలోనూ హాంకాంగ్‌లోనూ తయారయ్యేవి. మలేసియా సరుకు 1980ల నుంచి. అడుగున అచ్చేసే సంవత్సరం ఆ డిజైను ఎప్పుడు పుట్టిందో చెబుతుంది తప్ప, ఆ కారు ఎప్పుడు పోతపోశారో చెప్పదు. పుస్తకంలో మొదటి ముద్రణ ఏడాది ఉంటే ఇరవయ్యో ముద్రణ కాపీ పాతదైపోతుందా? అంతే ఇది. ట్విన్ మిల్‌ని కంపెనీ ఇప్పటికీ మళ్ళీ మళ్ళీ వేస్తూనే ఉంది. నిజంగా పాతదైతే టైరు పక్కన సన్నటి ఎర్ర గీత ఉండాలి. 1977 దాకా అలాగే వేసేవాళ్ళు. రంగు కూడా వేరుగా ఉంటుంది. మెరుగుపెట్టిన లోహం మీద అద్దం లాంటి రంగు పూస్తారు కాబట్టి, కింద లోహం తళుక్కుమంటుంది. నా కారు టైర్లకి గీత లేదు, తళుకూ లేదు.

పట్టుకెళ్ళి చూపించాను. "మీరు చూసుకునే కదా మాస్టారూ తీసుకుంది" అన్నాడు. నిజమే. డబ్బు తిరిగివ్వలేదు. చాలాసేపు వాదించాక, మరోటి కొంటే అందులో మూడొందలు తగ్గిస్తానన్నాడు. ఈ కొట్లో వస్తువు వెనక్కి తీసుకోవడం అనే మాట లేదు, అది గుర్తుపెట్టుకోండి. ఆయన కావాలని మోసం చేశాడని నేననను. తప్పు పాఠం నేర్చుకుని దాన్నే ఒప్పజెప్పాడు. మా క్లాసులో ఏటా ఇలాంటి వాళ్ళు పదిమంది ఉంటారు. కానీ మలేసియా అని చదివి వినిపించాక కూడా అలాంటివే ఇంకో రెండు కార్లని గుడ్డలో చుట్టి, 1969 ధరకే అమ్మకానికి ఉంచడం మాత్రం నాకు నచ్చలేదు. కార్ల కోసమైతే అక్కడికి వెళ్ళకండి. వెళ్తే కళ్ళజోడుతో వెళ్ళండి. అన్నట్టు అదే డబ్బాలో లియో పేరుతో మన దేశంలోనే తయారైన హాట్ వీల్స్ రెండు, రంగు లేచిపోయి ఉన్నాయి. వాటిని విదేశాల్లో వెతుక్కునేవాళ్ళున్నారు. భాయ్‌కి అవి వట్టి చిల్లర సామాను.

ఆ మూడొందలు తగ్గించుకోడానికి కొన్నవే సైనికుల బొమ్మలు. చెప్పుల అట్టపెట్టెలో పదకొండు మంది జీ.ఐ. జోలు. ఒక్కడు కూడా నిలబడట్లేదు. నడుం దగ్గర మడత పడి, కాళ్ళు ఒకవైపు, మొండెం ఒకవైపు వేలాడుతున్నాయి. "నడుములిరిగినై. వందకొకటి" అన్నాడు.

జీ.ఐ. జో 1964లో వచ్చింది. అప్పుడు అడుగు ఎత్తుండేది. మగపిల్లలు బొమ్మ అంటే కొనరని హాస్‌బ్రో కంపెనీ దానికి యాక్షన్ ఫిగర్ అని పేరు పెట్టింది. ఆ మాట పుట్టింది అక్కడే. 1982లో దాన్ని నాలుగంగుళాల లోపుకి దించి, ఒక్కొక్కడికీ పేరూ హోదా ఇచ్చి మళ్ళీ వదిలారు. మన దగ్గరకి వచ్చింది ఈ చిన్నదే. 1987లో మద్రాసు ఎమ్మారెఫ్ వాళ్ళూ హాస్‌బ్రో కలిసి ఫన్‌స్కూల్ పెట్టి, గోవా ఫ్యాక్టరీలో వీటిని పోశారు. అచ్చులు అమెరికావే. రంగులు మాత్రం ఇక్కడివాళ్ళు తమ ఇష్టానికి వేశారు. అక్కడ ఒక రంగు చొక్కా వేసుకున్నవాడు ఇక్కడ ఇంకో రంగులో దర్శనమిచ్చాడు. ఆ తేడా వల్లే వీటి కోసం విదేశీయులు ఎగబడతారు. సూట్‌కేసులో వచ్చినవి కావివి, బజార్లో కొన్నవి. అందుకే వీటితో పిల్లలు ఆడారు. మొహాల మీద రంగు అరిగిపోయి ఉంది.

వాళ్ళ నడుములు విరగలేదు, లోపల రబ్బరు తెగింది. జేబులో స్టార్ స్క్రూడ్రైవర్ ఉంది, కళ్ళజోళ్ళు బాగుచేసేవాళ్ళు వాడేలాంటిది. భాయ్ ముందే, స్టూలు మీద దినపత్రిక పరిచి ఒకణ్ణి విప్పాను. వీపు మీద ఒకే ఒక్క స్క్రూ. అది తీస్తే ఛాతీ రెండు చెక్కలుగా విడిపోతుంది. తలకాయ, చేతులు వాటంతట అవే ఊడి చేతిలోకొస్తాయి. కాళ్ళ పైభాగాన ఒక సన్నటి లోహపు కొక్కెం, దాన్నీ ఛాతీలోని స్క్రూ గుంజనీ కలిపి లాగి పట్టుకునేది ఒక నల్ల రబ్బరు రింగు. ముప్పై ఏళ్ళకి ఆ రబ్బరు ఎండి, ఎండిన కరివేపాకు రెబ్బలా పుటుక్కున విరిగిపోయింది. ఆ ముక్కల్ని కాగితంలో పొట్లం కట్టుకుని ఆటోనగర్ వెళ్ళాను. పంపులకీ జాకీలకీ ఓ-రింగులు అమ్మే కొట్లో కుర్రాడు పొట్లం విప్పి చూసి, "ఏ బండిదన్నా ఇది?" అన్నాడు. సైనికుడిదన్నాను. రకరకాల సైజులు ముందు పోశాడు. సరిపోయినవి పది రింగులు నలభై రూపాయలు.

మర్నాడు కొట్లోనే ఇద్దర్ని బాగుచేశాను. రింగుని కొక్కేనికి తగిలించి, నడుం ముక్కలోంచి పైకి లాగి, గుంజకి తొడిగి, చేతులూ తలా వాటి గుంటల్లో కూర్చోబెట్టి, పై చెక్క మూసి స్క్రూ బిగించాలి. మరీ బిగిస్తే భుజాలు తిరగవు, వదులైతే చేతులు వాలిపోతాయి. మూడోసారికి పట్టు దొరికింది. సైనికుడు బల్ల మీద సొంతంగా నిలబడ్డాడు. భాయ్ చప్పట్లు కొట్టాడు. పక్క కొట్టాయన్ని కూడా పిలిచి చూపించాడు. "మిగతా తొమ్మిదికీ రింగులుండిపోతే పెట్టెయ్యండి మాస్టారూ, టీ చెబుతా" అన్నాడు. నేను నా ఇద్దర్ని తీసుకున్నాను. సంచీలో ఎనిమిది రింగులు మిగిలాయి. ఎనిమిది మందికి పెట్టాను. టీ బానే ఉంది.

తర్వాతిసారి వెళ్తే ఆ ఎనిమిది మందీ షోకేసులో వరసగా నిలబడి ఉన్నారు. ఒక్కొక్కడు నాలుగొందలు. రింగు దొరకని తొమ్మిదోవాడు పడుకుని వందకే ఉన్నాడు.

మీరు వెళ్ళి ఆ నాలుగొందలవాళ్ళలో ఎవర్నైనా కొంటే, నడుం గురించి నాది పూచీ. బొటనవేళ్ళు మాత్రం చూసుకోండి. తుపాకి పట్టించబోయి పిల్లలు విరగ్గొట్టేది దాన్నే. విరిగితే అతికించలేం. ఒకడికి ఎవరో ఫెవిక్విక్ పూసి, బొటనవేలుతో పాటు మోచేయి కూడా కదలకుండా చేశారు. అతికించిన బొమ్మ ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు.

స్లింకీ అనే స్ప్రింగు బొమ్మ సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ కొట్లో నేను కొన్నవాటన్నిట్లో ఎక్కువగా వాడుతున్నది అదే. స్టీలు స్లింకీ, అట్టపెట్టె లేదు, రెండొందలు. బట్టలారేసుకునే స్ప్రింగు తీగ అనుకున్నాడు భాయ్. ఈసారి నేనేం చెప్పలేదు. ఫిలడెల్ఫియాలో రిచర్డ్ జేమ్స్ అనే నౌకాదళ ఇంజనీరు 1943లో ఓడల్లో పరికరాలు ఊగకుండా పట్టుకునే స్ప్రింగుల మీద పనిచేస్తుంటే, ఒకటి అలమర మీంచి జారి మెట్టు మెట్టుగా దిగినట్టు నడిచి కిందకొచ్చిందట. భార్య బెట్టీ డిక్షనరీ తిరగేసి పేరు వెతికింది. 1945లో గింబెల్స్ దుకాణంలో డాలరుకొకటి చొప్పున పెడితే 90 నిమిషాల్లో 400 అమ్ముడయ్యాయి. 1960లో ఆయన ఇల్లూ అప్పులూ ఆరుగురు పిల్లల్నీ వదిలేసి మతం పేరుతో బొలీవియా వెళ్ళిపోతే, కంపెనీని నిలబెట్టింది బెట్టీయే. ఆమె పేరు బొమ్మ మీద ఉండాల్సిందని నా అభిప్రాయం.

నా స్లింకీకి నాలుగో వంతు దగ్గర ఒక చుట్టు కొంచెం వంకర పోయింది. చూస్తే కనపడదు, మెట్ల మీద తెలుస్తుంది. మా ఇంటి మెట్లు పదిహేను. నాలుగు మెట్లు చక్కగా దిగి, అయిదో దాని మీద పక్కకి వాలుతుంది. వేళ్ళతో వంకర తీయబోతే ఎక్కువైంది, మానేశాను. ధ్వని పాఠానికి ఆ వంకర అడ్డు కాదు. బెంచీ మీద సాగదీసి ఒక చివర తోస్తే, దగ్గరైన చుట్ల గుంపు అవతలి చివరకి పరిగెడుతుంది. అనుదైర్ఘ్య తరంగం అని బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా ఎక్కనిది, ఒక్క తోపుతో ఎక్కుతుంది. ఇంకోటి చేస్తాను. బల్లెక్కి దాన్ని ఒక చివర పట్టుకుని కిందకి వేలాడదీసి, వదిలేస్తాను. పై చుట్లు పడిపోతూ వస్తుంటాయి గానీ కింది చివర మాత్రం గాల్లో అక్కడే ఉంటుంది. పైనుంచి వచ్చిన చుట్లు తగిలిందాకా కదలదు. వెనక బెంచీ వాడు "సార్, ఇంకోసారి" అని అడిగేది ఏడాదిలో ఆ ఒక్క క్లాసులోనే. ఇప్పుడొచ్చే రంగుల ప్లాస్టిక్‌వి దీనికి పనికిరావు, మెత్తగా జారిపోతాయి.

మిగతావి గబగబా. మరలు తిప్పి గీతలు గీసే పలక, ఎచ్ ఎ స్కెచ్, ఒకటుంది, ఎర్ర చట్రం, రెండు తెల్ల మరలు. ఎడమ మర బిగుసుకుపోయింది, మూలనుంచి అల్యూమినియం పొడి కారుతోంది, అది విప్పి బాగుచేసే వస్తువు కాదు. బార్బీ తలలు మూడున్నాయి, ఒళ్ళు లేవు. బంగాళదుంపకి గుచ్చి మొహం చేసే మిస్టర్ పొటాటో హెడ్ కళ్ళూ ముక్కులూ మీసాలూ ఒక పొట్లం, అరవై రూపాయలు. "బొమ్మ పోయింది, ముక్కలే ఉన్నై" అని భాయ్ బాధపడ్డాడు. 1952లో అసలది అమ్మిందే అలా. పెట్టెలో ముక్కలే ఇచ్చేవాళ్ళు, దుంప మీరే తెచ్చుకోవాలి. టీవీలో ప్రకటన వచ్చిన మొదటి బొమ్మ అదే. తర్వాత పిల్లలకి గుచ్చుకుంటాయని ముక్కల మొనలు మొద్దుగా చేయాల్సొచ్చింది. మొద్దువి దుంపలోకి దిగవు కదా, అందుకని 1964లో ప్లాస్టిక్ దుంప పెట్టారు. నాకు దొరికినవి మొద్దువే. మేకుతో బంగాళదుంపకి బొక్కలు పెట్టి తగిలించాను. మా మేనకోడలి కూతురు నాలుగేళ్ళది, దానికి తాతయ్య మీసం అని పేరు పెట్టి రెండ్రోజులు వదల్లేదు. మూడో రోజు మా ఆవిడ మీసం తీసేసి దుంపని కూరలో వేసింది.

కొట్లో వెలుతురు తక్కువ, టార్చి తీసుకెళ్ళండి. చిన్న స్క్రూడ్రైవర్ కూడా. ఫోన్‌పే తీసుకుంటాడు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి మూస్తాడు, మూడింటికి తెరుస్తాడు. కొత్త సరుకు వచ్చేది ఇల్లు కూల్చినప్పుడే కాబట్టి, వారం వారం వెళ్ళినా లాభం లేదు. ఒకటి మాత్రం అడిగి మాన్పించండి: అట్టపెట్టెల మీద ధర కాగితాన్ని గమ్ టేపుతో అతికిస్తాడు. పీకితే బొమ్మ అచ్చు కూడా లేచొస్తుంది. నేను రెండుసార్లు చెప్పాను. ఆ పెట్టె లోపలి వస్తువంత విలువైందని చెబితే వింటాడేమో గానీ, అప్పుడు పెట్టెలకి కూడా ధర కడతాడు.

చివరగా, వెనక అలమర కింద, కిటికీ ఊచల చాటున ఒక చక్రాల టెలిఫోన్ ఉంది. ఫిషర్ ప్రైస్‌ది, 1960ల్లో మొదలైన రకం, అడుగు చెక్కది. తాడు పట్టుకుని లాగితే కళ్ళు పైకీ కిందకీ ఆడతాయి, డయలు తిప్పితే గంట మోగుతుంది. తాడు లేదు, మిగతా అంతా ఉంది. "పిల్లల ఫోను, ఇన్నూట యాభై" అన్నాడు. ఊఁ అన్నాను, అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడలేదు. జీతం పడ్డాక, శనివారం వస్తాను, పక్కన పెట్టమన్నాను. కాబట్టి దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యకండి. దీన్ని భాయ్‌కి చదివి వినిపించకండి కూడా.